ముందే అనేసిన మాట

షల్మత్ పేరెత్తితే చాలు, మా సంఘంలో ఆడవాళ్ళు ముసుగు అంచుతో కళ్ళు ఒత్తుకునేవారు. "మొగుణ్ణి పట్టిచ్చిన మనిషిని అక్కడికక్కడే క్షమించేసిందమ్మా, మనసంటే ఆవిడది" అనేవారు. నది దిగువ ఊళ్ళ నుంచి విశ్వాసులు ఎవరైనా వస్తే ఆవిణ్ణి దూరం నుంచే చూపించేవారు. ఆవిడ తల వంచుకుని చకచకా నడిచిపోయేది. అదంతా వినయం అనుకునేవాళ్ళం మేము. మా మొహం. ఆవిడ మా నుంచి తప్పించుకుని పోతోందని ఒక్కరికీ తట్టలేదు.

ఎందుకు తట్టలేదంటే ఏం చెప్పను? పెళ్ళై వచ్చిన కొత్తల్లో షల్మత్ ఎలాంటిదో మాకందరికీ తెలుసు. యూఫ్రటీసు ఒడ్డున ఉన్ని కడిగే రేవులో ఆవిడ గొంతు అవతలి గట్టుకి వినిపించేది. ఎవరైనా తన రాయి మీద ఉన్ని వేస్తే తీసి నీళ్ళలో పారేసేది. చేపలమ్మే వాళ్ళు ఆవిణ్ణి చూసి దారి మార్చుకునేవారు. కోపం ముక్కు మీద ఉండేది, వచ్చినంత త్వరగానూ పోయేది. తిట్టిన మనిషికే సాయంత్రం ఉల్లిపాయల కూర పట్టుకెళ్ళి ఇచ్చేది. అలాంటి మనిషి బాప్తిస్మం తీసుకున్నాక కూడా పెద్దగా మారలేదు. మొగుడు యర్హై నవ్వి, "ప్రభువు నీ పాపాలు కడిగాడు గానీ నీ నోరు వదిలేశాడే" అనేవాడు.

యర్హైకి ఒక తమ్ముడు, మల్కు. ఆ తమ్ముడి పెళ్ళాం హగ్గత్. పద్నాలుగేళ్ళ పిల్లగా వచ్చింది ఆ ఇంటికి. పనేమీ రాదు. నవ్వు మాత్రం వచ్చు, అది కూడా చేతిలో కుండ ఉన్నప్పుడు. అది పగలగొట్టిన కుండలన్నీ పోగేస్తే ఇంకో గోడ కట్టొచ్చని షల్మత్ దెప్పేది. దెప్పుతూనే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మగ్గం నేర్పింది. మా ఊళ్ళో వెడల్పు దుప్పట్లు నేసే మగ్గానికి ఇద్దరు కూర్చోవాలి. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి, అడ్డంగా పోయే పేక నూలు అందాలి. ఎవరి సగం వాళ్ళు చెక్క దువ్వెనతో దట్టించుకోవాలి. ఒక్కరే కూర్చుంటే ఆ మగ్గం మంచానికి కూడా పనికిరాదు. అలా ఆ తోటికోడళ్ళిద్దరూ భుజం భుజం ఆనించుకుని ఏళ్ళ తరబడి నేశారు. పాడుకున్నారు, కీచులాడుకున్నారు, ఒకరి జుట్టులో ఒకరు పేలు చూసుకున్నారు. ఒకే పస్కా పండుగకి ఇద్దరూ బాప్తిస్మపు నీళ్ళలో దిగి పైకొచ్చారు.

తర్వాత చక్రవర్తి ఆజ్ఞ వచ్చింది. ప్రతి ఒక్కరూ ఊరి దేవళానికొచ్చి విగ్రహం ముందు సాంబ్రాణి వెయ్యాలి. వెయ్యనివాళ్ళని పట్టుకుపోతారు. సంఘంలో గ్రంథం చదివేది యర్హై కాబట్టి సైనికులకి ముందుగా కావలసింది అతనే. అప్పటికి మల్కు ఒంటెల బిడారుతో తూర్పుకి వెళ్ళి ఉన్నాడు. యర్హైని ఇంట్లోనే దాచారు. వాకిట్లో బార్లీ నిలవ చేసే పాతర ఉంది. అందులోకి దింపి, పైన చాప పరిచి, చాప మీద ఉన్ని ఆరబోశారు.

షల్మత్ రేవుకి వెళ్ళిన వేళ సైనికులు వచ్చారు. ఇంట్లో హగ్గత్ ఒక్కతే ఉంది. షల్మత్ తడి ఉన్ని బుట్టతో తిరిగి వచ్చేసరికి చాప పక్కకి లాగి ఉంది, పాతరలో యర్హై లేడు. పక్కింటి వాళ్ళు భయంతో గోడ చాటున దాక్కుని విన్నంతవరకు చెప్పారు. సైనికులు వాకిట్లోకి వచ్చారట, కాసేపట్లోనే యర్హైని పైకి లాగారట. హగ్గతే చూపించి ఉంటుందన్నారు.

ఎండకాలం. యర్హైని పడేసిన చెరసాల మట్టి గదిలో కిక్కిరిసి ఉన్నారు జనం. రెండు మూడు రోజులు షల్మత్ ఆ గేటు ముందే పడి ఉంది. లోపలికి పోనివ్వలేదు. చివరికి మనిషిని బయటికి ఇచ్చారు గానీ, ప్రాణంతో కాదు.

శవాన్ని ఇంటికి తెచ్చాక మేమంతా పోగయ్యాం. అప్పుడే హగ్గత్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొహం ఒక పక్కంతా వాచి నల్లబడి ఉంది, ఒక కన్ను మూసుకుపోయి ఉంది. "ఎంత కొట్టారో పాపం, కొట్టి చెప్పించుంటారు" అని ఎవరో అన్నారు. "కొడితే మాత్రం చెప్పేయడమేనా" అని ఇంకెవరో అన్నారు. దాన్ని ఎవరూ లోపలికి రానివ్వలేదు, బయటికీ పొమ్మనలేదు. అందరం షల్మత్ వైపు తిరిగాం. ఏడుపులు కూడా ఆగిపోయాయి. సంఘ పెద్ద బర్సమ్యా కూడా ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు. బయట పాడె మోసేవాళ్ళు ఎండలో కాచుకుని ఉన్నారు.

షల్మత్ లేచి, "నేను క్షమించాను. రానివ్వండి" అంది.

బర్సమ్యా అక్కడే మోకాళ్ళ మీద పడి ఏడ్చాడు. ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. ఆ మాట సాయంత్రానికల్లా ఊరు దాటింది. కానీ ఆ మాట ఆవిడ హగ్గత్‌తో అనలేదు. మాతో అంది. మా చూపులు భరించలేక అంది. ఏదో ఒకటి అనేస్తే వీళ్ళంతా కళ్ళు తిప్పుకుంటారు, నా మొగుణ్ణి నన్ను పూడ్చుకోనిస్తారు అనుకుని అంది. మనసు ఇంకా చెరసాల గేటు దగ్గరే ఉంది. నోరు మాత్రం ఇంటికొచ్చి ఆ మాట అనేసింది.

మర్నాడు పొద్దున్న బార్లీ కోసం పాతర మీద చాప తీసినప్పుడు వచ్చింది కోపం. రేవులో వచ్చి పోయే మామూలు కోపం కాదు. హగ్గత్ జుట్టు పట్టుకుని ఆ పాతరలోకి తోసెయ్యాలనిపించింది. కానీ ఎలా తోస్తుంది? క్షమించేసింది కదా. ఎలా జరిగిందే, ఎందుకు చెప్పావే, ఆయన నిన్ను చూశాడా అని అడగాలనిపించింది. ఎలా అడుగుతుంది? క్షమించినవాళ్ళకి లెక్కలు అడిగే హక్కు లేదు. ఒక్క మాటతో తన నోటికి తనే తాళం వేసుకుని, ఆ తాళంచెవి మా అందరి చేతుల్లో పెట్టేసింది.

మల్కు బిడారుతో తిరిగి రాలేదు. దారిలోనే సంగతి తెలిసి సిగ్గుతో తూర్పునే ఉండిపోయాడని చెప్పుకున్నారు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు మిగిలారు, ఇద్దరు కూర్చుంటే గానీ నడవని మగ్గం మిగిలింది. హగ్గత్‌ని వెళ్ళగొడితే ఇద్దరికీ తిండి లేదు. పైగా, క్షమించిన మనిషి వెళ్ళగొట్టడమేమిటి? కాబట్టి పక్కపక్కనే కూర్చున్నారు. భుజాల మధ్య జానెడు ఖాళీ వదులుకున్నారు. నూలు చేతి నుంచి చేతికి అందేది, మాట మాత్రం అందేది కాదు. "అయిపోయింది," "నూలు తే," "రొట్టె కింద ఉంది." అంతకు మించి లేదు.

ఒకసారి దుప్పట్లు కొనే వర్తకుడు బట్ట విప్పి చూసి, "ఏమ్మా, ఈ సగం బల్లలా ఉంది, ఆ సగం జల్లెడలా ఉంది. ఇద్దరూ పోట్లాడుకుంటూ నేశారా ఏమిటి?" అన్నాడు. షల్మత్ వైపు సగం దువ్వెన దెబ్బలకి బిర్రబిగిసి ఉంది. హగ్గత్ వైపు దెబ్బ వేయడానికే భయపడ్డట్టు వదులుగా ఉంది. మాకు తెలియనిది ఆ వర్తకుడికి ఒక్క చూపులో తెలిసింది. కానీ అతను మా సంఘం మనిషి కాదు. ఎవరితో చెబుతాడు?

ఇక ఆదివారాలు. చక్రవర్తి ఆజ్ఞ సద్దుమణిగాక మా ఊళ్ళో ఓ ఇంటి రెండు గదులు ఒకటి చేసి అక్కడ కూడుకునేవాళ్ళం. చదువు అయ్యాక, పెద్ద తప్పు చేసి పశ్చాత్తాపంలో ఉన్నవాళ్ళని బయటి వాకిట్లోకి పంపేవారు. యర్హైని పట్టిచ్చినందుకు పెద్దలు గడువు పెట్టారు కాబట్టి హగ్గత్ ఆ గుంపులో ఉండేది. ఆ తర్వాత పరిచారకుడు జబ్దై గుమ్మం దగ్గర నిలబడి గట్టిగా అరిచేవాడు: "ఎవరికైనా ఎవరి మీదైనా మనసులో ఏమైనా ఉందా?" ఉన్నవాళ్ళు లేచి చెప్పాలి. చెప్పిన మనిషి, ఎవరి మీద చెప్పారో ఆ మనిషి, ఇద్దరూ బయటికి పోవాలి. సోమవారం పెద్దలు కూర్చుని తగవు వింటారు. మళ్ళీ ఆదివారం లోపల రాజీ కుదిరిందా సరే, లేదంటే ఇద్దరికీ ప్రభువు బల్ల దగ్గర రొట్టె లేదు. ఎవరూ లేవకపోతే మగవాళ్ళు మగవాళ్ళకి, ఆడవాళ్ళు ఆడవాళ్ళకి సమాధానపు ముద్దు పెట్టుకుని, రొట్టె విరుచుకుంటాం.

జబ్దై అరిచిన ప్రతిసారీ షల్మత్ ఇరుకున పడేది. లేదు అంటే దేవుడి ముందు అబద్ధం. ఉంది అంటే అందరి ముందూ అబద్ధాలకోరు. ఊరుకునేది. పక్కనున్న ఆడది ముద్దు పెడితే చెంప ఇచ్చేది. రొట్టె నోట్లో పెట్టుకుంటే గొంతులో అడ్డం పడేది. మింగా లేక, కక్కా లేక, నీళ్ళు తాగి దింపుకునేది. మనసులో విషం పెట్టుకుని ఈ రొట్టె తిన్నవాళ్ళు ఏ శిక్ష తెచ్చుకుంటారో ఆవిడకి తెలుసు. యర్హై గ్రంథం చదువుతుంటే ఆ గొంతుతోనే విన్నది అది.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది బర్సమ్యా. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఎదురు తిరగొచ్చు. మంచివాడు, కన్నీళ్ళు చప్పున వచ్చే మనిషి. క్షమాపణ గురించి ఎప్పుడు బోధించినా "మన మధ్యే ఒక తల్లి ఉంది" అని మొదలుపెట్టేవాడు. అందరం వెనక్కి తిరిగి చూసేవాళ్ళం. ఆవిడ ముసుగు ముందుకి లాక్కునేది. ఆహా, ఏమి వినయం అనుకునేవాళ్ళం.

హగ్గత్ గడువు తీరే రోజు వచ్చింది. సోమవారం తగవుల తర్వాత బర్సమ్యా వాళ్ళ వాకిట్లోకి వచ్చి, మగ్గం ముందున్న రాయి మీద కూర్చున్నాడు. హగ్గత్ లోపల నూలు చుడుతోంది. అంతా వినపడే దూరమే.

"తల్లీ, వచ్చే ఆదివారం హగ్గత్‌ని చేర్చుకుంటున్నాం."

"మంచిది పెద్దయ్యా."

"నువ్వే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురావాలి. మొదటి ముద్దు నువ్వే పెట్టాలి. అందరికంటే ముందు క్షమించింది నువ్వేగా."

"నాకు మోకాళ్ళ నొప్పులు పెద్దయ్యా. లేవలేను."

"వాకిలి నుంచి గదిలోకి ఎంత దూరమమ్మా? నేను కూడా ఓ చెయ్యేస్తాను."

"ఇంకెవరైనా..."

"ఇంకెవరు తల్లీ? పొరుగూళ్ళ నుంచి కూడా వస్తున్నారు చూడటానికి." ఆయన కళ్ళలో అప్పుడే నీళ్ళు తిరిగాయి. "యర్హై పైనుంచి చూస్తాడు."

యర్హై పేరు వినగానే షల్మత్ దువ్వెన తీసుకుని మగ్గం వైపు తిరిగింది. ఆయన లేచి దీవించి వెళ్ళిపోయాడు. లోపల నూలు చుట్టే చప్పుడు ఆగిపోయింది, చాలాసేపు మళ్ళీ మొదలవలేదు.

ఆ వారమంతా ఆవిడకి ఇల్లు బోనులా ఉంది. వీధిలోకి వెళితే ఆడవాళ్ళు చేతులు పట్టుకునేవారు. ఒకామె ఖర్జూరాలు తెచ్చి, "మా ఆయనతో నాకు పొసగడం లేదమ్మా, నీలాంటి మనసు నాకూ రావాలని ప్రార్థించు" అని కాళ్ళ మీద పడబోయింది. ఇంట్లోకి వస్తే హగ్గత్. మగ్గం ముందు కూర్చుంటే హగ్గత్ మోచెయ్యి. ఊరు వదిలి పోదామా అంటే ఎక్కడికి పోతుంది? ఇటు నది, అటు ఎడారి. ఎంత దూరం పోయినా ఆవిడ కథ ఆవిడ కంటే ముందే ఆ ఊరు చేరి ఉంటుంది. ప్రార్థన చేసింది. క్షమించే మనసు ఇమ్మని అడిగితే, యర్హై పాతరలో కూర్చుని పైన అడుగుల చప్పుడు వింటున్నట్టు కనపడేది. లేచి దువ్వెన తీసుకుని దుప్పటిని బాదేది.

ఆదివారం గది కిక్కిరిసిపోయింది. చదువు అయింది. పశ్చాత్తాపంలో ఉన్నవాళ్ళు బయటికి వెళ్ళారు. హగ్గత్ ఉతికిన బట్ట కట్టుకుని తలుపు అవతల నిలబడింది. బర్సమ్యా షల్మత్ వైపు చూసి నవ్వాడు. జబ్దై వాడుక ప్రకారం గొంతు సవరించుకుని అరిచాడు.

"ఎవరికైనా ఎవరి మీదైనా మనసులో ఏమైనా ఉందా?"

ఆ మాట పూర్తి కాకుండానే అతను ముద్దుకి సైగ చేయబోయాడు. ఎవరుంటారు ఆ రోజు?

"ఉంది" అంది షల్మత్.

మాకు అర్థం కాలేదు. జబ్దై, "ఏమిటమ్మా?" అన్నాడు.

"నాకు హగ్గత్ మీద ఉంది. ఆ రోజు నేను క్షమించలేదు. నోటితో అన్నానంతే. మీరంతా చూస్తున్నారని అన్నాను. ఇన్నాళ్ళూ దాని పక్కన కూర్చుని, దాని చావు కోరుకున్నాను. కోరుకుంటూనే మీతో రొట్టె తిన్నాను." బర్సమ్యా వైపు తిరిగింది. "చాలా? ఇంకా చెప్పాలా?"

బర్సమ్యా మొహం పాలిపోయింది. ఆయన అన్నేళ్ళ బోధలు నేల మీద పడి చెల్లాచెదురయ్యాయి. జబ్దైకి మాత్రం నియమమంటే నియమమే. తలుపు తీసి, "బయటికి వెళ్ళమ్మా" అన్నాడు. షల్మత్ బయటికి నడిచింది. తలుపు మూసుకుంది.

వాకిట్లో ఎండ మండుతోంది. పశ్చాత్తాపంలో ఉన్న మిగతావాళ్ళు ఈ ఇద్దర్నీ చూసి అవతలి గోడ దగ్గరికి జరిగిపోయారు. తలుపు పలచటి చెక్క. లోపల నిలబడ్డ మాకు ప్రతి మాటా వినపడింది. వినకూడదని ఎవరూ చెవులు మూసుకోలేదు.

ముందు హగ్గతే నోరు విప్పింది. "ఇప్పటికన్నా చెప్పావక్కా."

"నోరు ముయ్యి."

"ముయ్యను. నన్ను అడగకుండానే క్షమించేశావు. ఒక్క తిట్టు తిట్టలేదు. నువ్వు తిట్టకపోతే నేను ఏమైపోతానో తెలుసా? కుండ పగలగొడితే వీధంతా వినపడేలా తిట్టేదానివి. బావని చంపితే ఏమీ అనలేదు. కుండకంటే తక్కువైపోయానా నీకు?"

"చెప్పవే!" షల్మత్ అరిచింది. "ఎలా చెప్పావు వాళ్ళకి? ఎంత కొట్టాక చెప్పావు?"

తలుపు ఇవతల మేము ఇంకాస్త దగ్గరికి జరిగాం.

"కొట్టలేదక్కా."

"ఏమిటి?"

"వాళ్ళు నన్ను ముట్టుకోలేదు. ఒకడు వాకిట్లో నిలబడి, 'ఎక్కడ?' అన్నాడు. నా కళ్ళు పాతర వైపు పోయాయి. అంతే. నోరు కూడా తెరవలేదు. భయంతో కళ్ళు అటు పోయాయి, వాడు చూశాడు. బావని తీసుకెళ్ళాక నేను వెనకాలే పరిగెత్తి మెట్ల మీద పడ్డాను. మొహం వాచింది అందుకు. మీరంతా కొట్టారనుకున్నారు. నేను కాదనలేదు. పెద్దలు అడిగినప్పుడూ కాదనలేదు. కొడితే చెప్పిందంటే జాలిపడతారని ఊరుకున్నాను."

షల్మత్ చాలా మెల్లగా అడిగింది. "ఆయన నిన్ను చూశాడా?"

"చూశాడు. పైకి లాగినప్పుడు జుట్టంతా బార్లీ పొట్టు. నా వంక చూశాడు. తిట్టలేదు. 'మీ అక్కకి నువ్వే చెప్పు' అన్నాడు. ఇంకేమీ అనలేదు. నాకు చెప్పడం చేతకాలేదు. రోజూ మగ్గం ముందు కూర్చునేటప్పుడు ఇవాళ చెబుదాం అనుకునేదాన్ని. నువ్వు 'నూలు తే' అనేదానివి."

అప్పుడు దెబ్బల చప్పుడు వినిపించింది. షల్మత్ దాన్ని కొడుతోంది. రెండు చేతులతో, వీపు మీద, భుజాల మీద, రేవులో తడి ఉన్నిని బాదినట్టు బాదుతోంది. తిడుతోంది కూడా. యర్హై చచ్చిపోయాక మేమెవరం వినని ఆ పాత గొంతుతో, ఆ పాత తిట్లతో. దొంగముండా, పిరికిదానా, నా కొంప కూల్చినదానా. హగ్గత్ "కొట్టక్కా" అనడం వినిపించింది. కాసేపటికి చప్పుడు ఆగిపోయి ఏడుపు మొదలైంది. మొగుడు పోయిన రోజు కూడా ఏడవని మనిషి, గుక్క పట్టి ఏడ్చింది. మా చుట్టుపక్కల వాళ్ళలో కొందరు నేల చూపులు చూశారు. నేనూ చూశాను.

జబ్దై తలుపు తీశాడు. ఇద్దరూ నేల మీద కూర్చుని ఉన్నారు. ముసుగులు ఊడిపోయాయి.

"తగవు తీరిందా?" అన్నాడు అతను. ఇంకేమనాలో అతనికీ తెలియదు.

"తీరలేదు" అంది షల్మత్. "ఇవాళే మొదలైంది."

హగ్గత్ లేచి, వీపు తడుముకుంటూ గుమ్మం దాకా వచ్చి, తనని కొట్టలేదన్న సంగతి బర్సమ్యాకి అందరి ముందూ మళ్ళీ చెప్పింది. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అబద్ధం మీద పెట్టిన గడువు చెల్లదు కదా. మళ్ళీ పస్కా దాకా వాకిట్లోనే నిలబడాలన్నారు. హగ్గత్ తల ఊపింది. ఎన్నాళ్ళకో నడుం నిటారుగా పెట్టి నడుస్తూ ఇంటికి వెళ్ళింది. షల్మత్ దానికి కాస్త ముందుగా నడిచింది. ఇద్దరూ కలిసి నడిచారని మాత్రం చెప్పలేను.

ఆ తర్వాత వాళ్ళ ఇంట్లోంచి రోజూ అరుపులు వినపడేవి. పక్కింటి వాళ్ళు విసుక్కునేవారు. మగ్గం మధ్యలో ఆగేది, తగువు మొదలయ్యేది, ఎవరో ఒకరు లేచి పోయేవారు. ఆ రోజు కథ షల్మత్ మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది. ఏ సైనికుడు? ఎటు నిలబడ్డాడు? నువ్వు ఏం చేస్తున్నావు? అటు చూడకుండా ఉండలేకపోయావా? హగ్గత్ ప్రతిసారీ చెప్పేది. ఒక్కోసారి విసిగి, "ఇంకెన్నిసార్లక్కా?" అనేది. "నాకు సరిపోయేదాకా" అనేది షల్మత్.

ఆదివారాలు జబ్దై అరిస్తే షల్మత్ లేచి, "ఉంది" అని తనంతట తనే బయటికి నడిచేది. మొదట్లో మాకు గుండె ఆగినంత పనయ్యేది. తర్వాత అలవాటైపోయింది. కొందరు చిరాకు పడ్డారు. "ఇవాళ కూడానా?" అని జబ్దై గొణిగేవాడు. ఆడవాళ్ళ చూపుల్లో ఇదివరకటి తడి పోయింది. ఖర్జూరాలు తెచ్చినామె వీధిలో మొహం తిప్పుకుంది. బర్సమ్యా క్షమాపణ గురించి బోధించడం కొన్నాళ్ళు మానేశాడు. అదీ మంచికే అయింది.

బార్లీ కోతలు మొదలైన వేళ, పస్కా ఇంకా రాకముందే, హగ్గత్‌కి జ్వరం తగిలింది. ఆ ఆదివారం కూడా మానకుండా వచ్చి, తన గుంపుతో కలిసి బయట నిలబడింది. జబ్దై అరిచాడు. అందరం షల్మత్ లేచే శబ్దం కోసం చూశాం. ఆవిడ లేవలేదు. వినలేదేమో అని జబ్దై మళ్ళీ అరిచాడు.

ఆవిడ అప్పుడు తలెత్తింది. ఆవిడే తర్వాత చెప్పింది, ఆ నిమిషంలో తను ఏం ఆలోచిస్తోందో. ఎండలో అది కళ్ళు తిరిగి పడిపోతుందేమో, పొద్దున్న పప్పునీళ్ళు కూడా తాగలేదు అనుకుంటోందట. జబ్దై మాట వినగానే తన లోపల వెతుక్కుందట. ఎప్పుడూ ఉండే చోట చూసిందట. దుఃఖం ఉంది. యర్హై లేని ఖాళీ అంతే ఉంది. హగ్గత్ మీద మాత్రం ఏమీ దొరకలేదట. భయం వేసిందట కూడా, ఏదో పోగొట్టుకున్నట్టు.

"ఏమీ లేదు" అంది షల్మత్.

గదిలో కలకలం రేగింది. బర్సమ్యా కళ్ళు తుడుచుకున్నాడు, ఈసారి ఒక్క మాట కూడా అనకుండా. ఆడవాళ్ళు వరుసగా ముద్దు పెట్టుకున్నారు. రొట్టె బల్ల మీదకి వచ్చింది. అన్ని ఆదివారాల తర్వాత ఆవిడకి ఆ రోజు రొట్టెకి అడ్డేమీ లేదు. ఎంత ఆకలితో ఉందో ఆవిడ మొహంలోనే కనపడుతోంది.

షల్మత్ లేచి తలుపు వైపు నడిచింది.

జబ్దై అడ్డం వచ్చాడు. "అమ్మా, ఎక్కడికి? ఏమీ లేదన్నావుగా. నీకు రొట్టె ఉంది."

"నాకుంది నాయనా. దానికి లేదుగా. దాని గడువు తీరాక ఇద్దరికీ కలిపి పెట్టండి."

"అలాంటి నియమం లేదమ్మా."

"లేకపోతే లేదు. తలుపు తియ్యి."

అతను బర్సమ్యా వైపు చూశాడు. బర్సమ్యా తల ఊపాడు. తలుపు తెరుచుకుంది. ఎండలో గోడకి ఆనుకుని నిలబడ్డ హగ్గత్ ఉలిక్కిపడింది. షల్మత్ వెళ్ళి దాని పక్కనే, భుజం ఆనేలా నిలబడి, దాని బరువు తన మీదకి లాక్కుంది.

"ఎందుకొచ్చావక్కా? లోపలికి పో. రొట్టె విరుస్తున్నారు. అందరూ చూస్తున్నారే."

షల్మత్ మా వైపు కూడా తిరగలేదు.

"చూడనీ" అంది.